చల్లటి కాంక్రీటు మీద వెచ్చటి అడుగు

డాలస్‌లో ఇల్లు కొన్న తెలుగు కుటుంబానికి బేస్‌మెంట్ గొడవే ఉండదు. అదే డిట్రాయిట్ శివార్లలోనో, షికాగో పక్కన నేపర్‌విల్‌లోనో కొన్నవాళ్లకు ఇంటి కింద మరో అంతస్తు దొరుకుతుంది. దానికి కారణం చలి. చలికాలంలో మట్టి ఎంత లోతు వరకు గడ్డకడుతుందో పునాది అంతకంటే కిందికి దిగాలి. లేకపోతే గడ్డకట్టి ఉబ్బిన మట్టి ఇంటిని పైకి తోసేస్తుంది. షికాగో చుట్టుపక్కల ఆ లోతు 42 అంగుళాలు, మిన్నెసోటా ఉత్తర భాగంలో 60. ఎలాగూ అంత తవ్వుతున్నప్పుడు ఇంకొన్ని అడుగులు తవ్వితే ఓ అంతస్తే వస్తుందని కట్టేవాళ్లు లెక్కగట్టారు. టెక్సాస్‌లో ఆ అవసరం లేదు కాబట్టి నేలమీదే కాంక్రీటు పోసి గోడలు లేపుతారు.

అలా దొరికిన అంతస్తు కొన్నేళ్లు ఖాళీ సూట్‌కేసులకూ, బొమ్మల కొలువు పెట్టెలకూ నిలయంగా ఉంటుంది. తర్వాత పిల్లల నాట్య సాధనకో, సినిమా తెరకో, వ్రతానికి వచ్చే యాభై మందిని కూర్చోబెట్టడానికో దాన్ని గదిగా మార్చాలనిపిస్తుంది. అప్పుడు ముందుగా తేలాల్సింది నేల సంగతి. దుకాణంలో అడిగితే ఒకటే జవాబు: వాటర్‌ప్రూఫ్ వినైల్ పలకలు వేసుకోండి. ఆ జవాబులో సగం నిజం ఉంది. నీళ్లు పడినా ఆ పలక పాడవదు. దాని కింద ఏం జరుగుతుందో, జనవరిలో దానిమీద వట్టి కాళ్లతో నిలబడితే ఎలా ఉంటుందో మాత్రం డబ్బామీద రాయరు.

వట్టి కాళ్ల సంగతి చిన్నదేం కాదు. భవనాల్లో ఉండేవాళ్ల సౌకర్యం గురించి అమెరికాలో పాటించే ఆష్రే 55 ప్రమాణం, నేల 19 నుంచి 29 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలంటుంది. ఆ లెక్క తేలికపాటి బూట్లు తొడుక్కున్నవాళ్లది. చెప్పులు గుమ్మంలో విడిచి, కింద బాసింపట్టు వేసుకుని కూర్చునే ఇళ్లలో చలి ఇంకా త్వరగా తెలుస్తుంది. ఉత్తరాది రాష్ట్రాల్లో కొన్ని మీటర్ల లోతున మట్టి ఏడాది పొడవునా 10 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. చలికాలంలో బేస్‌మెంట్ నేల చాలా ఇళ్లలో 12–15 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. నాలుగు అంగుళాల కాంక్రీటు ఆ చలిని ఆపుతుందనుకుంటే భ్రమే. వేడిని ఎంతగా అడ్డుకుంటుందో చెప్పే ఆర్-వాల్యూ ఆ నాలుగు అంగుళాలకూ కలిపి 0.4 కూడా రాదు. అంగుళం మందం ఫోమ్ బోర్డుకు 4 నుంచి 5 వస్తుంది.

అసలు పేచీ ఇక్కడుంది. నీటికి చెక్కుచెదరని వస్తువులు చిక్కగా, బరువుగా ఉంటాయి: పోర్సలిన్ టైల్, రాయి, రాతిపొడి కలిపిన వినైల్. ఆ చిక్కదనం వల్లే పాదంలోని వేడిని చప్పున లాగేస్తాయి. వెచ్చగా తగిలే కార్పెట్, కార్క్, చెక్క తమ లోపల గాలిని దాచుకున్నవి. వాటికి నీళ్లంటే గిట్టదు. రెండు గుణాలూ ఒకే పొరలో వెతికినంత కాలం బేరం కుదరదు. పైకి కనిపించే పొరకు నీటి బాధ్యత, దాని కింద దాగే పొరకు చలి బాధ్యత అప్పగిస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది. జనం మాత్రం వారాల తరబడి రంగులు ఎంచి డబ్బంతా పైపొర మీద పెట్టి, కింది పొర దగ్గర పిసినారితనం చూపిస్తారు.

చలికన్నా ముందు చెమ్మ లెక్క తేల్చుకోవాలి. కాంక్రీటు మీద కనిపించే చెమ్మ రెండు తీరులు. రెండూ వేసవిలో ప్రతి తెలుగింట్లో చూసినవే. మట్టికుండ బయటి తడి లోపలి నీళ్లది, సన్నటి రంధ్రాల గుండా బయటికి వచ్చింది. ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు గ్లాసు బయటి తడి గాలిలోది. బేస్‌మెంట్ నేల ఒకే సమయంలో కుండా అవుతుంది, గ్లాసూ అవుతుంది. కిందినుంచి మట్టి తేమ కాంక్రీటులోకి పాకుతుంది. పైనుంచి జూలై గాలిలోని ఆవిరి చల్లటి నేలను తాకి బొట్లు కడుతుంది. గదిలో 26 డిగ్రీల వేడి, 65 శాతం తేమ ఉంటే ఆ గాలిలోని ఆవిరి 19 డిగ్రీల దగ్గరే నీరవుతుంది. నేల 16 డిగ్రీలుంటే ఇక తడి ఖాయం. గాలి ఆడనిద్దామని ఎండాకాలంలో బేస్‌మెంట్ కిటికీలు బార్లా తెరిచేవాళ్లు తమకు తెలియకుండానే నేలమీద నీళ్లు చల్లుతున్నారు. కిటికీలు మూసి డీహ్యూమిడిఫయర్ నడపడమే సరైన పని. ఇంట్లో తేమ 60 శాతం దాటనివ్వొద్దని, వీలైతే 30–50 మధ్య ఉంచుకోవాలని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ సలహా.

ఏ తడి ఎక్కడిదో కనిపెట్టడానికి చవకైన ఉపాయం ఒకటుంది. పద్దెనిమిది అంగుళాల చదరపు ప్లాస్టిక్ షీటును నాలుగు అంచులా టేపుతో నేలకు అతికించి, కనీసం 16 గంటలు వదిలేస్తారు. షీటు అడుగున బొట్లు కట్టినా, కింద కాంక్రీటు రంగు ముదిరినా తడి భూమిలోంచి వస్తున్నట్టు. షీటు పైభాగం తడిస్తే అది గదిలోని గాలిది. అయితే ఎముకలు కొరికే పొడి జనవరిలో నెగ్గిన నేల, మంచు కరిగే ఏప్రిల్‌లో ఓడిపోవచ్చు. జిగురుతో అతికించే ఫ్లోరింగ్ అయితే ఈ షీటు పరీక్ష చాలదు. కాంక్రీటు మందంలో 40 శాతం లోతుకు రంధ్రం చేసి, అందులో తేమ కొలిచే ప్రోబ్ దించి, 24 గంటల తర్వాత చదివే పద్ధతి ఉంది. దాని అమెరికన్ ప్రమాణం పేరు ఏఎస్‌టీఎమ్ ఎఫ్ 2170. జిగురు కంపెనీలు తమ హామీ పత్రాల్లో అడిగేది ఎక్కువగా ఈ అంకెనే. కొత్తగా పోసిన కాంక్రీటుకు అంగుళానికి ఒక నెల చొప్పున ఆరే సమయం ఇవ్వాలన్నది పనివాళ్ల మోటు లెక్క.

కాంక్రీటు కింద పాలిథీన్ షీటు ఉందా లేదా అన్నది మరో కీలకం. అమెరికా ఇళ్ల నిర్మాణ నియమావళి చాలాకాలం 6 మిల్, అంటే అంగుళంలో వెయ్యోవంతుల్లో ఆరు, మందం చాలనేది. 2021 కూర్పులో దాన్ని 10 మిల్‌కు పెంచారు. పాత ఇళ్లలో చాలావాటికి ఏ షీటూ ఉండదు, కాంక్రీటు నేరుగా కంకర మీదో మట్టి మీదో కూర్చుని ఉంటుంది. అలాంటి నేలమీద ఎపాక్సీ పూతకు తొందరపడితే కిందినుంచి వచ్చే తేమ దాన్ని పొక్కులుగా లేపుతుంది.

ఇదంతా చెమ్మ సంగతి. పారే నీళ్ల కథ వేరు, దానికి ఫ్లోరింగ్ దుకాణంలో మందు లేదు. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక్క అంగుళం వాన పడితే దాదాపు 2,360 లీటర్లు. గట్టర్ గొట్టం ఆ నీటిని పునాది పక్కనే వదిలిపెడితే అది గోడ వెంటే కిందికి దిగుతుంది. గొట్టాన్ని కొన్ని అడుగుల దూరానికి పొడిగించడం, ఇంటి చుట్టూ మట్టి మొదటి పదడుగుల్లో ఆరంగుళాలు వాలేలా సర్దడం, గుంతలో చేరిన నీటిని బయటికి తోడే సంప్ పంపుకు బ్యాటరీ తోడివ్వడం నేలమీద పెట్టే ఏ ఖర్చుకన్నా ముందు చేయాల్సినవి. కరెంటు పోయేది సరిగ్గా గాలివాన రాత్రే కదా. 2013 జూలై 8న టొరంటోలో 126 మిల్లీమీటర్ల వాన పడి వేలాది బేస్‌మెంట్లు మునిగాయి. 2021 సెప్టెంబరు 1న ఐడా తుఫాను అవశేషం న్యూయార్క్ మీదికి వచ్చినప్పుడు సెంట్రల్ పార్క్‌లో ఒక్క గంటలో 3.15 అంగుళాలు కురిసింది. ఆ నగరంలో బేస్‌మెంట్ ఇళ్లలో 11 మంది నీళ్లలో చిక్కి చనిపోయారు. బ్రాంప్టన్‌లోనో జెర్సీ సిటీలోనో అద్దె తక్కువని బేస్‌మెంట్‌లో దిగే మన విద్యార్థులు నేల రంగుకన్నా ముందు బయటపడే దారి చూసుకోవాలి.

బీమా ఉందిలే అనుకునేవాళ్లకు ఒక మాట. మామూలు ఇంటి బీమాలో భూగర్భ జలం, వరద సాధారణంగా చేరవు. మురుగు వెనక్కి తన్నితే పరిహారం కావాలంటే ఎక్కువగా విడిగా కొనుక్కోవాలి. సమాఖ్య ప్రభుత్వ వరద బీమా పథకం ఉన్నా అది బేస్‌మెంట్‌లో ఫర్నేస్, నీటి హీటర్ లాంటివాటికి ఇస్తుంది తప్ప పరిచిన నేలకు, ముస్తాబైన గోడలకు ఇవ్వదు.

పని మొదలుపెట్టే ముందు చూడాల్సినవి మరో రెండు ఉన్నాయి. పాత ఇంటి నేలమీద తొమ్మిది అంగుళాల చదరపు టైల్స్ కనిపిస్తే వాటిలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. కింది నల్ల జిగురులోనూ ఉండవచ్చు. గీకకూడదు, సాన పట్టకూడదు. పరీక్ష చేయించి, చెక్కుచెదరకుండా ఉంటే అలాగే కప్పేయడం మేలు. రెండోది రేడాన్. మట్టిలోని యురేనియం క్షీణించే క్రమంలో పుట్టే ఈ వాసనలేని వాయువు కాంక్రీటు పగుళ్లలోంచి లోపలికి వస్తుంది. పొగతాగడం తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు అమెరికాలో రెండో కారణం ఇదే. ఏటా దాదాపు 21,000 మరణాలకు రేడాన్ కారణమని ఈపీఏ అంచనా. లీటరు గాలికి 4 పికోక్యూరీలు, అంతకు మించి ఉంటే చర్య తీసుకోమంటారు. ఆ చర్య అంటే కాంక్రీటుకు రంధ్రం చేసి, గొట్టం దించి, ఫ్యాన్‌తో కింది గాలిని ఇంటి కప్పు పైకి లాగేయడం. కొత్త నేల పరిచాక ఆ రంధ్రం పెట్టాల్సి వస్తే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే పరీక్ష ముందే చేయించాలి.

ఇప్పుడు పైపొరలు. గట్టి చెక్క, అంటే ఓక్, మేపుల్ పలకలను భూమి మట్టానికి కింద వేయొద్దని వాటిని తయారుచేసేవాళ్లే చెబుతారు, చర్చ అక్కడితో ముగుస్తుంది. లామినేట్ చూడ్డానికి చెక్కలాగే ఉంటుంది, గుండె మాత్రం నొక్కిన చెక్కపొట్టు. అంచుల్లోంచి నీరు దూరితే ఉబ్బుతుంది, ఉబ్బినది మళ్లీ తగ్గదు. అదీ కాక మూసిన గదిలో గాలి నాణ్యత కూడా ఆలోచించాలి. 2015 మార్చిలో సీబీఎస్ ‘60 మినిట్స్’ కార్యక్రమం చైనాలో తయారైన కొన్ని లామినేట్లలో ఫార్మాల్డిహైడ్ మోతాదు గురించి బయటపెట్టాక అమెరికాలో ఈ సరుకు కొనేవాళ్లు లేబుళ్లు చదవడం నేర్చుకున్నారు. కార్క్ మీద కాలు పెడితే హాయిగా ఉంటుంది. కానీ క్లిక్ చేసి బిగించే కార్క్ పలకల్లో చాలావాటి నడుమ అదే చెక్కపొట్టు పొర ఉంటుందని కొనేవాళ్లకు తెలియదు.

కార్పెట్ మీద ప్రేమ అమెరికన్ బేస్‌మెంట్ల పాత అలవాటు. కాలికి వెచ్చన, పిల్లలు పడినా దెబ్బ తగలదు, చప్పుడు తక్కువ. చిక్కు దాని అడుగున ఉంది. కార్పెట్ గదిలోని వేడిని కాంక్రీటుకు చేరకుండా కొంత ఆపుతుంది కాబట్టి కింద కాంక్రీటు ఇంకా చల్లబడుతుంది. గదిలోని తేమ గాలి మాత్రం పోగుల్లోంచి దూరి అక్కడిదాకా వెళ్తుంది. బూజుకూ దుమ్ము పురుగులకూ అంతకన్నా ఏం కావాలి? నిర్మాణ శాస్త్రంలో పేరున్న ఇంజనీరు జోసెఫ్ స్టీబ్యురెక్, ఆయన బిల్డింగ్ సైన్స్ కార్పొరేషన్ ఏళ్ల తరబడి చెబుతున్నది ఇదే: ఇన్సులేషన్ లేని కాంక్రీటు మీద కార్పెట్ వేయొద్దు. అంతగా కావాలనుకుంటే గట్టి నేల వేసుకుని, ఎత్తి ఆరేసుకోగల తివాచీ పరుచుకుంటే సరిపోతుంది. వ్రతానికి జంపఖానా పరిచే ఇళ్లకు ఇదేమీ కొత్త కాదు.

వినైల్ పలకల్లో రెండు జాతులు. సున్నపురాయి పొడి కలిపి చేసినవి ఎస్‌పీసీ. సన్నగా, గట్టిగా ఉంటాయి, బరువైన సోఫా కాళ్లకు లొంగవు, చలి మాత్రం బాగా తెలుస్తుంది. నడిమి పొరను నురుగులా పొంగించి చేసినవి డబ్ల్యూపీసీ. ఇవి మందంగా, కాస్త మెత్తగా, కాస్త వెచ్చగా ఉంటాయి. రెండింటికీ అడుగున అతికించి వచ్చే మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల ప్యాడ్ చప్పుడు తగ్గించడానికి పనికొస్తుంది, చలి విషయంలో దానిమీద ఆశ పెట్టుకోవద్దు. పైన ఒలికిన నీళ్లు తుడిస్తే పోతాయి. గోడ అంచుల్లోంచి కిందికి చేరిన నీళ్లు మాత్రం పలకల కింద చిక్కుకుని వాసన పడతాయి. పలకలకు ఏమీ కాదు. వాటిని ఊడదీసి, కింద ఆరబెట్టి, మళ్లీ బిగించుకోవచ్చు. ఓపికున్నవాళ్లకు ఇది నిజంగా లాభమే.

ముంపు భయం ఉన్న ఇంటికి పోర్సలిన్ టైల్‌ను మించింది లేదు. వరద తట్టుకునే వస్తువుల పట్టికలో అమెరికా విపత్తు నిర్వహణ సంస్థ ఫెమా సిరామిక్ టైల్‌ను చేర్చి, కార్పెట్‌ను పక్కన పెట్టింది. కాంక్రీటులో పగుళ్లుంటే అవి టైల్‌కు పాకకుండా మధ్యలో అన్‌కప్లింగ్ షీటు వేస్తారు. లోటు ఒకటే, చలి. ఆ లోటు తీర్చడానికి టైల్ కింద విద్యుత్ తీగలు పరుస్తారు. చదరపు అడుగుకు సుమారు 12 వాట్ల లెక్కన 150 చదరపు అడుగుల జాగాకు 1,800 వాట్లు. కాంక్రీటుకూ తీగలకూ మధ్య ఇన్సులేషన్ లేకపోతే ఆ కరెంటులో గణనీయమైన వాటా మిషిగన్ మట్టిని వెచ్చబెట్టడానికి పోతుంది. నేలను కాచడం అమెరికాకు కొత్త కాదు. కొరియా పద్ధతిలో వేడిచేసిన గదిని జపాన్‌లో చూసి ముచ్చటపడ్డ ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్, 1937లో విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో పూర్తయిన జేకబ్స్ ఇంటి నేల కింద వేడి గొట్టాలు పరిపించాడు. పదేళ్లకు లాంగ్ ఐలాండ్‌లో లెవిట్‌టౌన్ కట్టిన విలియం లెవిట్ ఖర్చు తగ్గించడానికి బేస్‌మెంట్లే ఎత్తేసి, కాంక్రీటు నేలలో రాగి గొట్టాలు పొదిగాడు. ఆ గొట్టాల్లో చాలావి తర్వాత కాలంలో కారడంతో వాటిని వాడటం మానేశారు.

ఇక ఎవరికీ కనిపించని పొర. ఇక్కడ రెండు పంథాలున్నాయి. ఒకటి, బుడిపెలున్న గట్టి ప్లాస్టిక్ షీటు. బుడిపెల మీద నిలబడి కాంక్రీటుకూ నేలకూ మధ్య గాలి సందు ఉంచుతుంది. రెండడుగుల చదరపు ఓఎస్‌బీ చెక్క పలకకు ఈ షీటు అతికించి అమ్మే కెనడా సరుకు డ్రైకోర్ చాలా దుకాణాల్లో దొరుకుతుంది. సెలవు రోజుల్లో ఇంటాయనే బిగించుకోవచ్చు, ఎత్తు అంగుళం కూడా పెరగదు. చిన్నపాటి తేమకు, కాస్త వెచ్చదనానికి సరిపోతుంది. దానికి మించి ఆశిస్తే నిరాశే. ఆ సందులోకి వేసవి గాలి దూరితే చల్లటి కాంక్రీటు మీద తడి కడుతుంది, నీళ్లు నిజంగా వస్తే ఓఎస్‌బీ ఉబ్బుతుంది.

రెండో పంథా ఫోమ్ బోర్డు. కాంక్రీటును చదును చేసి, పాలిథీన్ పరిచి, అంగుళం లేదా రెండంగుళాల ఎక్స్‌పీఎస్ లేదా ఈపీఎస్ రకం ఫోమ్ బోర్డులు గట్టిగా ఆనించి వేసి, అతుకులకు టేపు, గోడ అంచులకు స్ప్రే ఫోమ్ పెడతారు. పైన అరంగుళం ప్లైవుడ్ రెండు వరసలు, అతుకులు ఒకదానిమీద ఒకటి పడకుండా, రెంటినీ పొట్టి స్క్రూలతో ఒకదానికొకటి బిగిస్తారు. స్క్రూ కాంక్రీటు దాకా వెళ్లకూడదు. ఫోమ్ నలిగిపోతుందన్న భయం అక్కర్లేదు. చదరపు అంగుళానికి 25 పౌండ్లు మోసే రకం చదరపు అడుగుకు 3,600 పౌండ్లు మోస్తుంది. ఈ అమరికలో గది గాలి చల్లటి కాంక్రీటును తాకదు కాబట్టి గ్లాసు తడి బాధ పోతుంది, పైనున్న నేల ఇంచుమించు గది వేడికి చేరుతుంది. మొదటి అంగుళమే ఎక్కువ మేలు చేస్తుంది, రెండోది అదనం. నీళ్లు ఎన్నడూ రాని, తేమ పరీక్ష నెగ్గిన బేస్‌మెంట్‌కు ఫోమ్, ప్లైవుడ్, పైన వినైల్ పలకలు అన్న కూర్పుకన్నా తెలివైన ఖర్చు కనిపించదు. ఒకసారైనా మునిగిన చోట ప్లైవుడ్ జోలికి పోకుండా, ముందు డ్రెయిన్లూ పంపూ సరిచేసుకుని, టైల్‌నూ ఎత్తగల తివాచీలనూ నమ్ముకోవాలి.

ఫోమ్‌కు అడ్డొచ్చేది ఎత్తు. నియమావళి ప్రకారం నివాస గదికి నేలనుంచి కప్పుదాకా ఏడడుగులు ఉండాలి. పాత ఇళ్లలో డక్టుల కింద ఆ ఏడడుగులే గగనం. రెండంగుళాల ఫోమ్, అంగుళం ప్లైవుడ్, పైన పలక కలిస్తే మూడంగుళాల పైమాట, అంగుళం ఫోమ్‌తో సరిపెట్టుకున్నా రెండు దాటుతుంది. తలుపులు అడుగున కోయాలి. అన్నిటికన్నా మరిచిపోయేది మెట్లు: నేల రెండంగుళాలు లేస్తే ఆఖరి మెట్టు ఎత్తు ఆ మేరకు తగ్గుతుంది. ఒక మెట్ల వరసలో మెట్టుకూ మెట్టుకూ మధ్య తేడా అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు మించకూడదన్నది నియమం, మించితే దిగేవాళ్ల కాలు తడబడుతుంది. ఆర్నెల్లు ఉండిపోదామని గుంటూరునుంచో వరంగల్‌నుంచో వచ్చిన అమ్మానాన్నలు రాత్రిపూట దిగేది ఆ మెట్లే. కాబట్టి మెట్లు మళ్లీ సర్దే ఖర్చు మొదటి అంచనాలోనే రాయించుకోవాలి. దాంతోపాటు సంప్ గుంత మూత, నేలలోని డ్రెయిన్ కొత్త నేల కింద పూడిపోకుండా, చేత్తో తెరిచేలా ఎక్కడెక్కడ ఉంచుతారో పనివాడిచేత గీయించుకోవాలి.